అడవినాభి – జీవకణము

మా రుద్రంగి వైపున వానకాలమున కంచెలపై అగ్నిజ్వాలలవలె పూచు అడవినాభిని ఎరుగనివారు అరుదు. ఆ తీగ దుంప ప్రాణాంతకమని పెద్దలు పిల్లలను హెచ్చరింతురు. ఆ విషమునకు కాల్చిసిన్ అని పేరు. దానిని శోధించుటవలన జీవకణమును గూర్చి తెలియవచ్చిన ఒక వింతను మీకు మనవి చేయుదును.

జీవకణము రెండుగా చీలునప్పుడు క్రోమోజోములను ఇరుప్రక్కలకు లాగుటకై అందు సన్నని నాళికలు ఏర్పడును. కాల్చిసిన్ తగిలినచో అవి నిలువవు. విభజన నడుమనే ఆగును. కావున ఈ విషము పట్టుకొను మాంసకృత్తు విభజనకొరకే యున్నదని తోచుట సహజము. కాని 1967లో షికాగో విశ్వవిద్యాలయమున బోరిసీ, టేలర్ అనువారు వెదకగా అది మెదడునందు సమృద్ధిగా కానవచ్చినది. నాడీకణములు సాధారణముగా విభజన చెందవు గదా! అచ్చట దానికేమి పని?

మరుసటి సంవత్సరమే పాల్ లేసీయు, ఆయన సహచరులును దీనికి దగ్గర సంగతి నొకటి చూపిరి. కాల్చిసిన్ తగిలిన క్లోమకణములు ఇన్సులిన్‌ను మునుపటివలె స్రవింపజాలకపోయెను. ఆ నాళికలు సరకులు మోయు బాటలు కూడను. నాడీకణములందును అవియే బాటలు. ఇక వాతరక్తమున కీళ్లలో యూరికామ్ల స్ఫటికములు చేరగా, తెల్లకణములు గుంపుగా తరలివచ్చి వాపును, మంటను పుట్టించును. వైద్యులు స్వల్పమాత్రలో నిచ్చు కాల్చిసిన్ ఆ వలసను మందగింపజేయును. ఆ నాళికల మాంసకృత్తునకు ట్యూబ్యులిన్ అని పేరు.

నాగలికి కట్టిన ఎడ్లనే కోతలైన పిమ్మట బండికి కట్టుదుము. దుక్కినాడు మాత్రమే చూచిన బాటసారికి అవి దున్నుటకే పుట్టినట్లు తోచును. ఇట్టి ఎడ్లు జీవకణమున మరికొన్ని కలవు. క్రోమోజోముల పంపకమునకు కావలియుండు జెడ్‌డబ్ల్యూ–10 అను మాంసకృత్తు కణములోపలి సరకుల రాకపోకలలోను పాల్గొనునని 2004లో జపాను పరిశోధకులు కనుగొనిరి.

ఇది వట్టి వినోదము కాదు. మన పెరళ్లలోని బిళ్లగన్నేరునుండి తీయు విన్‌క్రిస్టిన్ అను మందు విభజనను ఆపి రక్తపు క్యాన్సరును అణచును. కాని నాడులలోని బాటలనుగూడ అది చెరచును. అందుచేతనే కొందరు రోగులకు చేతివ్రేళ్లు, కాలివ్రేళ్లు తిమ్మిరెక్కును. అట్టివారు ఓర్చుకొని యూరకుండక వైద్యునికి వెంటనే తెలుపవలెను.

అడవినాభి దుంప చంపుటకును కారణమిదియే. అది ఒక్క పనిని కాదు, దేహమంతట ఆ మాంసకృత్తు చేయు పనులన్నిటిని ఒక్కమారుగా నిలుపును. మందునకును మృత్యువునకును నడుమ వెంట్రుకవాసి దూరమే గలదు. ఆ కొలత పెరటివైద్యమునకు అందదు. పూవును చూచి ఆనందింపుడు. దుంపను నోటికి రానీయకుడు.