మెమరీ కార్డు మీద ఏ అంకె చూడాలి?

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ఏడు ఉపకార వేతనాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు నా అభినందనలు.

ఇంజినీరింగు, నర్సింగు, కామర్సు చదివే పిల్లలతో పాటు విజువల్ కమ్యూనికేషన్ చదివేవారు, ఫొటోగ్రఫీ, వీడియో పని నేర్చుకునేవారు కూడా ఈసారి మన జాబితాలో ఉన్నారు. చదువుతూనే పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు వెళ్ళి నాలుగు రూపాయలు సంపాదించి ఇంటికి ఆసరా అవుతున్న పిల్లలు వీరు. వీరి కోసం కెమెరాలో పెట్టే తపాలా బిళ్ళంత మెమరీ కార్డు గురించి నాలుగు మాటలు చెప్తాను.

కార్డు గురించే ఎందుకంటే, తల్లిదండ్రులు అప్పో సప్పో చేసి కెమెరా కొనిస్తారు. చివర్లో చేతిలో డబ్బు ఉండదు గనుక ఏదో ఒక చవక కార్డు తీసుకుంటారు. లేదా దుకాణంలో చెప్పిన మాట నమ్మి, తమ కెమెరాకు పనికిరాని ఖరీదైన కార్డు కొంటారు. రెండూ నష్టమే. మాంగల్యధారణ సమయంలో రికార్డింగు ఆగిపోతే ఆ ముహూర్తం మళ్ళీ రాదు. ఆ కుటుంబం మనల్ని మళ్ళీ పిలవదు, వాళ్ళ బంధువులూ పిలవరు.

ముందు ఒక తేడా గ్రహించాలి. ఫిలిం రోజుల్లో ఫొటో తీసేదీ నెగటివే, దాచేదీ నెగటివే. వీడియో క్యాసెట్టూ అంతే. పని అయ్యాక బీరువాలో పెడితే ఉండిపోయేది. 1994లో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వచ్చింది. 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా సంస్థలు కలిసి ఎస్.డి. కార్డును ప్రకటించాయి. ఈ కార్డులు దాచుకునేవి కావు. ఇవాళ నింపి, రేపు ఖాళీ చేసి, ఎల్లుండి మళ్ళీ నింపేవి. కాబట్టి కార్డు బీరువా కాదు, బిందె. నీళ్ళు మోసుకురావడానికే గాని నిలవ పెట్టడానికి కాదు.

ఇప్పుడు వేగం సంగతి. 64 జి.బి., 128 జి.బి. అనేది బిందె ఎంత పెద్దదో చెబుతుంది. కొళాయి ధారను తట్టుకోవడానికి బిందె మూతి కూడా తగినంత వెడల్పుగా ఉండాలి గదా! కెమెరా నుంచి వచ్చే వీడియో ధార క్షణం కూడా ఆగదు. కార్డు అంత వేగంగా రాసుకోలేకపోతే కెమెరా రికార్డింగు ఆపేస్తుంది.

కార్డు మీద పెద్ద అక్షరాలతో 170 అనో, 200 అనో ఉంటుంది. అది చాలా వరకు చదివే వేగం, అంటే కార్డు నుంచి కంప్యూటరుకు కాపీ అయ్యే గరిష్ఠ వేగం. రికార్డింగుకు కావలసింది రాసే వేగం. అందులోనూ కనీస వేగం. మొదట చురుగ్గా రాసి, కాసేపటికి నిండుతూ, వేడెక్కుతూ నెమ్మదించే కార్డులు ఉన్నాయి. ఎంత నెమ్మదించినా ఇంతకు తగ్గదు అనే హామీని చిన్న గుర్తుతో ముద్రిస్తారు. యు1 అంటే సెకనుకు 10 ఎం.బి., యు3 అంటే 30 ఎం.బి. 2016లో ప్రకటించిన వీడియో తరగతుల్లో వి30 అంటే 30, వి60 అంటే 60, వి90 అంటే 90 ఎం.బి. మనం వెతకవలసింది ఈ చిన్న గుర్తునే.

మనకు ఏది కావాలో తెలుసుకోవడానికి ఒక్క భాగహారం చాలు. కెమెరా పుస్తకంలో వీడియో వేగాన్ని మెగాబిట్లలో ఇస్తారు. కార్డు వేగం మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు. అంచేత కెమెరా అంకెను 8తో భాగించండి. 4కె వీడియోను 100 మెగాబిట్లతో తీస్తే సెకనుకు 12.5 ఎం.బి. వి30 కార్డు హాయిగా సరిపోతుంది. 400 మెగాబిట్లయితే 50 ఎం.బి., వి60 కావాలి. 600 అయితే 75 ఎం.బి., వి90 కావాలి.

ఇదే లెక్కతో ఎంతసేపు తీయవచ్చో కూడా తెలుస్తుంది. 128 జి.బి. కార్డు 100 మెగాబిట్ల వీడియోకు సుమారు 2 గంటల 50 నిమిషాలు వస్తుంది. 400 మెగాబిట్లకు 42 నిమిషాలే. ముహూర్తానికి ముందే ఈ లెక్క వేసుకున్నవాడు తలంబ్రాల సమయంలో కార్డు మార్చడానికి వెతుక్కోడు.

ఫొటోల విషయం కొంచెం వేరు. ఒక రా ఫైలు 30 ఎం.బి. అనుకుంటే, సెకనుకు 10 ఫొటోలు తీస్తే 300 ఎం.బి. అవుతుంది. కెమెరా వాటిని ముందు తన లోపలి బఫర్‌లో పట్టుకుని, కార్డులోకి నెమ్మదిగా వంపుతుంది. బఫర్ నిండితే షట్టరు మందగిస్తుంది. ఆటల పోటీలు, పక్షులు తీసేవారికి ఇది పెద్ద ఇబ్బంది. ఒక్కొక్కటిగా చూసి తీసే పెళ్ళి ఫొటోలకు అంత బాధ లేదు.

యు.హెచ్.ఎస్.-1 కార్డు దారి గరిష్ఠంగా 104 ఎం.బి., యు.హెచ్.ఎస్.-2 దారి 312 ఎం.బి. రెండో రకం కార్డు వెనక రెండు వరుసల పిన్నులుంటాయి. దాన్ని పాత రకం స్లాటున్న కెమెరాలో పెడితే పనిచేస్తుంది గాని పాత వేగంతోనే. డబ్బు దండగ. ఇంకా పైన సి.ఎఫ్.ఎక్స్‌ప్రెస్ కార్డులున్నాయి. 2019 నాటి 2.0 ప్రమాణం ప్రకారం టైప్-ఎ దారి సుమారు 1,000 ఎం.బి., టైప్-బి దారి సుమారు 2,000 ఎం.బి. 2023లో వచ్చిన 4.0 ప్రమాణం వాటిని రెట్టింపు చేసింది. వాటిలోనూ కనీస వేగం హామీకి విపిజి200, విపిజి400 అనే గుర్తులున్నాయి. 8కె, రా వీడియో తీసే కెమెరాలకు అవి అవసరం. చదువుకునే పిల్లలకు ఆ తొందర లేదు.

నకిలీ కార్డుల గురించి ఒక హెచ్చరిక. లోపల చిన్న చిప్పు పెట్టి, కంప్యూటరుకు 128 జి.బి. అని కనబడేలా చేస్తారు. నిజమైన జాగా నిండేదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత తీసినవి పాడైపోతాయి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గాని, ఎఫ్3 గాని ఉచిత ప్రోగ్రాముతో కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివించి పరీక్షించండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

ఇక వాడకం. ఒక పెద్ద కార్డు మీద పెళ్ళంతా పెట్టకండి. రెండు మూడుగా పంచుకోండి. కెమెరాకు రెండు స్లాట్లుంటే రెండింటిలోనూ ఒకేసారి రాసేటట్టు పెట్టండి. ఇంటికి రాగానే రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, ఫైళ్ళు తెరిచి చూశాకే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి. అమెరికన్ ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, అందులో ఒకటి వేరే చోట. పొరపాటున ఫైళ్ళు చెరిగిపోతే ఆ కార్డు మీద ఇంకేమీ తీయకండి. కొత్తది రాయనంత వరకు పాతది చాలాసార్లు దొరుకుతుంది. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది.

కార్యవర్గానికి ఒక విన్నపం. ఈ కోర్సుల పిల్లలకు పరికరాల సహాయం ఇచ్చేటప్పుడు కెమెరా ఒక్కటే లెక్కలోకి తీసుకోవద్దు. తగిన గుర్తున్న కార్డులు రెండు, డిస్కులు రెండు ఆ మొత్తంలోనే కలపండి. అందుకోసం కెమెరా ఒక మెట్టు తక్కువదైనా ఫరవాలేదు. అవి లేని గొప్ప కెమెరా మూతి లేని బిందెకు కొళాయి తిప్పినట్టే.

పిల్లలారా, ఎదుటివాళ్ళ జీవితంలో ఒక్కసారే వచ్చే రోజును వాళ్ళు మీ చేతిలో పెడుతున్నారు. పెద్ద అంకెను చూసి మోసపోకండి, చిన్న గుర్తును చూసి కొనండి, కాపీ చేయకుండా నిద్రపోకండి. ఈ వృత్తిలో మంచి పేరు తెచ్చుకుని, రేపు ఇదే వేదిక మీద నుంచి మీ తర్వాతి పిల్లలకు ఉపకార వేతనాలు మీరు అందించాలని కోరుకుంటున్నాను. సెలవు.