పైసలు మనయే, బ్యాంకే దూరం

మన విద్యార్థులు తుపాకీ గుండ్లకు ఎదురు నిలిచిన 1969లనే ఢిల్లీల 14 బ్యాంకులను జాతీయం చేసిన్రు. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. మన ఊరికి బ్యాంకు మాత్రం రాలె.

బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పెడితే ఒక్కసారికి 10,000 దాటదు. బిడ్డ పెండ్లికి రెండు లక్షలు కావాలంటే మండలానికి పోవుడే. పోతే, "ముందురోజే చెప్పాలె, క్యాష్ లేదు" అంటరు. ఇచ్చిననాడు ఆ పైసలు తువ్వాలల మూటగట్టి, కిక్కిరిసిన బస్సుల గుండె దడతోని రావాలె. 2016ల నోట్లు రద్దయినప్పుడైతే మన పైసలు మనకియ్యనీకె పెండ్లికార్డు అడిగిరి!

బ్రాంచి పెట్టేదాక, వారానికొక్కరోజన్న బ్యాంకోల్లు క్యాష్‌తోని మన పంచాయతీల కూసోవాలె. లీడ్ బ్యాంకు మేనేజర్‌కు దరఖాస్తు మన ఉద్యోగ మిత్రులు రాసి తెచ్చిన్రు. సంతకాలు పెట్టి పోర్రి.