బ్రేకు పెడల్ చెప్పే మాట
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడడానికి మనలో సమర్థులు చాలామంది ఉన్నారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన విషయం వేరు. అది పాత కారు బ్రేకుల సంగతి. నేను మెకానిక్‌ను కాను. ఒకసారి దెబ్బతిని బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి. మన సభ్యుల్లో కొందరి ఇళ్లలో ఇప్పటికీ అంబాసిడర్లు, పద్మినీలు ఉన్నాయి గనుక ఈ నాలుగు మాటలు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దాని పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను గొట్టాల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి చక్రం దగ్గరి వీల్ సిలిండర్లు షూలను బయటికి తోస్తాయి. షూలమీది లైనర్లు తిరిగే డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుని ఆపుతాయి.

2011లో నా 1976 మోడల్ బండిలో భార్యను, అయిదేళ్ల మనవరాలిని ఎక్కించుకుని తిరుమల వెళ్లాను. దర్శనం బాగా జరిగింది. దిగేది 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్‌రోడ్డు. 1974లో రెండోది వచ్చాక ఇది దిగడానికే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి, బ్రేకుమీద కాలు తీయకుండా దిగాను. సగం దారిలో కాలిన వాసన. ఒక మలుపు దగ్గర పెడల్ ఒక్కసారిగా నేలకు తగిలింది. బండి ఆగలేదు. వెనక సీటులో పాప పాట పాడుకుంటోంది. ఎలాగో మూడో గేరు, తర్వాత రెండో గేరు వేసి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగి, కొండవైపు గోడకు ఒరిపించి ఆపాను. డోరు రేకు నలిగింది. మనుషులకు ఏమీ కాలేదు.

వెనకే వచ్చిన జీపు డ్రైవరు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఆయిల్ ఉడికిపోయిండాది సామీ. డ్రమ్ముమీద నీళ్లు పొయ్యొద్దు, పగుల్తాది. చల్లారనీ" అన్నాడు. గంట తర్వాత పెడల్ మళ్లీ లేచింది. అతని జీపు వెనకాలే మొదటి గేరులో దిగాము.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా ఉడకకుండా తట్టుకోవాలి. తేమ చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. ఉడికితే ఆవిరి బుడగలు పుడతాయి. కాలి బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. డబ్బాలో మట్టం సరిగా ఉంది కదా అని నేను ఆ ఆయిల్‌ను ఏనాడూ మార్చలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నది చెబుతాను. పెడల్ స్పంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి చేరింది. రెండుమూడుసార్లు కొడితే పైకొస్తోందంటే షూలు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయి, అడ్జస్ట్ చేయాలి. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోంది, బయట ఎక్కడా కారడం లేదు అంటే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి. పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగకపోతే లైనర్లు కాలి నునుపెక్కాయి. బండి ఒక పక్కకు లాగితే, సాధారణంగా రెండో పక్క లైనరు ఆయిల్‌తో తడిసి ఉంటుంది, లేదా అక్కడి సిలిండరు పట్టేసి ఉంటుంది.

నా బండి డ్రమ్ములు విప్పితే ఎడమవైపు ముందు సిలిండరు కారుతోంది, లైనరు తడిసింది. ఆ ఒక్కవైపే మార్చమన్నాను. "ఒక కంటికే కాటిక పెడతారా సామీ?" అన్నాడు మేస్త్రి. రెండువైపులా మార్చాడు. లైనర్ల దుమ్మును ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. బ్రేక్ డబ్బాలో ఇంజను ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. దానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ తొక్కే ఉద్యోగం మా ఆవిడది. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చడం, ఏ గేరులో కొండ ఎక్కామో ఆ గేరులోనే దిగడం ఇప్పుడు నా నియమాలు.

మనవరాలు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆ రోజు బండి గోడకు రాసుకుందని మాత్రమే దానికి గుర్తు. అసలు సంగతి ఈమధ్యే చెప్పాను. "న్యూట్రల్‌లో ఎందుకు దిగావు తాతా?" అని అడిగింది. "అర లీటరు పెట్రోలు కోసం" అన్నాను. అది ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఇళ్లకు వెళ్లాక ఒకసారి మీ బండి పెడల్ తొక్కి చూడండి.