పశువైద్య చదువుకు ప్లస్ వన్ మలుపు

తమిళనాడులో మదురై దగ్గరి వాడిపట్టి పక్కనే అలంగానల్లూరు. అక్కడి జల్లికట్టులో పులికుళం జాతి ఎద్దులది పెద్ద పేరు. వాటిని సాకడం ఇంట్లోనే అబ్బే విద్య. ఏ మేత ఎంత పెట్టాలి, ఎందుకు పెట్టాలి, ఏ జబ్బుకు ఏ టీకా వేయాలి? ఇది మాత్రం చదివి నేర్చుకోవలసిన శాస్త్రం.

ఈ చదువుకు దారి ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో తేలుతుంది. పశువైద్య డిగ్రీకి భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం కావాలి. జీవశాస్త్రం లేకుండా కుదరదు. డిగ్రీ అయిదున్నరేళ్లు. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం 1989లో మొదలైంది. దాని కళాశాల ఒకటి పొరుగునే, తేనిలో ఉంది.

ఆంధ్రలో మరో దారి కూడా ఉంది. పదో తరగతి కాగానే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చదవవచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది.

ప్లస్ వన్ దరఖాస్తు నింపేముందే గ్రూపులో జీవశాస్త్రం ఉందో లేదో చూసుకోవాలి.