బెయిలు హక్కే. మరి షూరిటీ ఎవరి దగ్గరుంది?



ఈ రోజు ఒక సినిమా హీరో కేసు గురించి మాట్లాడతాను. మన మీటింగులో హీరో ఏంటి అని మీకు అనిపించొచ్చు. కాస్త ఓపిగ్గా వినండి. ఆ కేసు అద్దం లాంటిది. అందులో ఆయన మొహం ఒక్కటే కాదు, జైల్లో ఉన్న మన వాళ్ళ మొహాలు కూడా కనిపిస్తాయి.

కన్నడ హీరో దర్శన్ పేరు మీరు వినే ఉంటారు. 2024 జూన్‌లో చిత్రదుర్గకు చెందిన ఒక యువకుడిని బెంగళూరు తీసుకొచ్చి, షెడ్డులో పెట్టి, చిత్రహింసలు పెట్టి చంపారని కేసు. చనిపోయినతను కూడా దర్శన్ అభిమానే. హీరో స్నేహితురాలికి అసభ్యమైన మెసేజీలు పంపాడనేది కారణంగా చెప్పారు. అది తప్పే అనుకుందాం. తప్పు చేసినోడి మీద కంప్లైంట్ ఇవ్వడానికి స్టేషన్ ఉంది, శిక్ష వేయడానికి కోర్టు ఉంది. ఈ కేసులో దర్శన్‌తో కలిపి 17 మంది నిందితులు. నేరం చేయలేదనేది ఆయన వాదన. అది కోర్టు తేలుస్తుంది, మనం తీర్పు చెప్పక్కర్లేదు. నేను మాట్లాడేది తీర్పుకు ముందు జరిగిన సంగతుల గురించి.

అరెస్టయిన రెండు నెలలకే, ఆగస్టులో, పరప్పన అగ్రహార జైలు నుంచి ఒక ఫోటో బయటకొచ్చింది. జైలు లాన్‌లో కుర్చీలేసుకుని, ఒక చేతిలో సిగరెట్, ఇంకో చేతిలో కాఫీ కప్పు, పక్కన రౌడీషీటర్. అధికారులు సస్పెండ్ అయ్యారు, ఆయన్ని బళ్ళారి జైలుకు మార్చారు. అక్టోబరు 30న వెన్ను ఆపరేషన్ కోసమని ఆరు వారాల మధ్యంతర బెయిలు వచ్చింది. ఆ ఆరు వారాల్లో ఆపరేషన్ జరగలేదు. డిసెంబరు 13న కర్ణాటక హైకోర్టు పూర్తి బెయిలు ఇచ్చింది. కోర్టు అనుమతి లేకుండా ఊరు దాటొద్దు అనేది షరతు. కొన్నాళ్ళకు ఆ షరతు సడలింది, దేశమంతా తిరగొచ్చు అన్నారు. తర్వాత షూటింగ్ కోసం విదేశం వెళ్ళడానికీ అనుమతి దొరికింది. మధ్యలో ఒకసారి వెన్నునొప్పి అని వాయిదాకు రాలేదు. ఆ వెంటనే సినిమా షోలో కనిపించాడు. జడ్జి గారు మందలించారు. అంతే.

ఇప్పుడు ఆలోచించండి. మన గూడెం మనిషి వాయిదా తప్పితే ఏమవుతుంది? వారెంటు వస్తుంది. చర్ల నుంచో, చింతూరు నుంచో, పాడేరు లోపలి ఊర్ల నుంచో కోర్టుకు రావాలంటే ముందు రోజే బయల్దేరాలి. వాగు పొంగితే బస్సు రాదు, ఆ రోజు కూలి పోతుంది. ఆ కష్టం వారెంటు మీద ఎవరూ రాయరు. రూలు ఒకటే, అది హీరో నడుముకి వంగుతుంది, మన నడుమును విరుస్తుంది.

2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు దర్శన్ బెయిలు రద్దు చేసింది. జస్టిస్ పార్దివాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం అది. ఎంత పెద్దోడైనా చట్టానికి అతీతుడు కాదన్నారు. జైల్లో మళ్ళీ రాజభోగాలు కనిపిస్తే ముందు సస్పెండయ్యేది జైలు సూపరింటెండెంటే అని హెచ్చరించారు. చాలామంది చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే. మనకు మాత్రం అక్కడితో సరిపోదు.

ఆ కాఫీ కప్పు ఫోటో పక్కన ఇంకో కప్పు పెట్టి చూడండి. జార్ఖండ్‌లో ఆదివాసుల మధ్య దశాబ్దాలు పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామిని 2020 అక్టోబరులో రాంచీలో ఎన్‌ఐఏ అరెస్టు చేసింది. వయసు 83 దాటింది. పార్కిన్సన్స్ జబ్బు, చేతులు వణికేవి, గ్లాసు పట్టుకోలేడు. నీళ్ళు తాగడానికి స్ట్రా, సిప్పర్ కావాలని కోర్టును అడిగాడు. జవాబు చెప్పడానికి ఎన్‌ఐఏ 20 రోజులు తీసుకుంది. బెయిలు పిటిషన్ పెండింగ్‌లో ఉండగానే 2021 జులై 5న కస్టడీలోనే చనిపోయాడు. ఆయన గురించి ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం జార్ఖండ్ హైకోర్టులో కేసు వేసినవాడు ఆయనే.

ఇంకాస్త దగ్గరికి రండి. గోదావరి అవతల, శబరి ఎగువన సుక్మా జిల్లా. మన చుట్టాలు ఉండే చోటు, మన భాష మాట్లాడే చోటు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ జవాన్లవీ పేద ఇళ్ళే, ఆ చావులు చిన్నవి కావు. కానీ ఆ తర్వాత చుట్టుపక్కల ఊర్ల నుంచి వందమందికి పైగా ఆదివాసుల్ని పట్టుకెళ్ళారు. ఐదేళ్ళు జైల్లో ఉన్నారు. 2022 జులైలో దంతెవాడ కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. ఆ ఐదేళ్ళలో పుట్టిన పిల్లలు నడక నేర్చారు, దున్నని పొలాలు తుప్పలెక్కాయి. వాళ్ళదీ హింసాత్మక నేరం కేసే. వాళ్ళకు ఆరు వారాలు బయటికొచ్చే వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు.

పెద్ద కేసులు వదిలేద్దాం. మామూలు కేసులో బెయిలు వచ్చాక కూడా మనోడు ఎందుకు బయటికి రాడు? షూరిటీ దగ్గర ఆగిపోతాడు. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. ఆస్తి చూపించాలి, పాస్‌బుక్ తేవాలి, ఇంటి పన్ను రశీదు తేవాలి. మనకున్నది పోడు భూమి. కొందరికి పట్టా ఉంది, చాలామందికి అదీ లేదు. పట్టా ఉన్నా, అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. మన భూమి మన చేయి దాటిపోకుండా పెట్టిన రక్షణ అది, మంచిదే. కానీ కోర్టు కౌంటర్ దగ్గర నిలబడితే, అమ్మలేని భూమికి విలువెంత అని అడుగుతారు. తాతల కాలం నుంచి అడవిని కాపాడినోడు, తన కొడుకు కోసం పూచీ నిలబడలేని పరిస్థితి.

ఇది కొత్త సమస్య కాదు. 1978లో మోతీరామ్ అనే మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేట్ పదివేల రూపాయల షూరిటీ అడిగాడు. ఆయన సోదరుడు ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదు అన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని, పేదోడికి మోయలేని షరతు పెడితే బెయిలు ఇవ్వనట్టేనని తేల్చారు. ఇది జరిగి దశాబ్దాలు గడిచాయి. ఇప్పటికీ లోకల్ షూరిటీయే తే అంటున్నారు. దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే అని 2022 ప్రభుత్వ లెక్కలు చెప్తున్నాయి.

కోర్టులకు తీరిక లేదంటారు. 2024 డిసెంబరు 13 గుర్తుందా? హైదరాబాద్‌లో సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్‌ను ఆ రోజు అరెస్టు చేశారు. అది హత్య కేసు కాదు, దర్శన్ కేసుతో పోల్చడం లేదు. నేను చూసేది గడియారాన్ని. మధ్యాహ్నం అరెస్టు, కింది కోర్టు రిమాండ్, సాయంత్రానికి హైకోర్టు మధ్యంతర బెయిలు. కాగితం ఆలస్యమై ఒక్క రాత్రి చంచల్‌గూడలో ఉంటే టీవీలన్నీ అదే వార్త. అంటే కోర్టు తలుచుకుంటే గంటల్లో వినగలదు. ఆ వేగం తప్పు కాదు. అది అందరికీ అందకపోవడం తప్పు.

అందుకే తమ్ముళ్ళూ, ఒక్క విషయం జాగ్రత్త. హీరో మీద కోపంతో "అసలు ఎవడికీ బెయిలు ఇవ్వొద్దు, లోపలేసి కుళ్ళబెట్టాలి" అని స్టేటస్‌లు పెట్టకండి. ఆ మాట గట్టిపడితే ముందు లోపల కుళ్ళేది మనమే. బెయిలు హక్కు. సాక్షుల్ని బెదిరించగల బలం ఉన్నోడికి షరతు గట్టిగా ఉండాలి. పారిపోయే దారి కూడా లేని పేదోడికి షరతు తేలిగ్గా ఉండాలి. ఇప్పుడు నడుస్తున్నది తలకిందులుగా ఉంది.

మన గూడేల్లోనూ హీరోల ఫ్లెక్సీలు కడతారు, నాకు తెలుసు. సినిమా చూడండి, ఈల వేయండి. కానీ చనిపోయిన కుటుంబానికి న్యాయం జరగాలన్నందుకు నటి రమ్యను దర్శన్ అభిమానుల పేరుతో ఎంత బూతులు తిట్టారో చూశాం. పోలీసు కేసులు అయ్యాయి. హీరో కోసం తిట్టి జైలుకెళ్ళే కుర్రాడికి షూరిటీ ఇవ్వడానికి ఏ హీరో రాడు.

ఇక పని మాట. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. రాసుకోండి. బెయిలు ఆర్డర్ అదే రోజు లేదా మర్నాడు ఈమెయిల్‌లో జైలుకు చేరాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు షూరిటీ ఇవ్వలేకపోతే, కోర్టు తనంతట తానే షరతు తగ్గించే విషయం చూడొచ్చు. లోకల్ షూరిటీయే కావాలని పట్టుబట్టొద్దని కూడా సూచించింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. బెయిలు డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల వరకు సాయం అని అప్పుడు అందులో పెట్టారు. కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 479 కూడా ఉంది. మొదటిసారి కేసులో పడ్డవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే వదలాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు.

చదువుకున్న మనం చేయాల్సింది ఇది. ప్రతి ఊర్లో జైల్లో ఉన్నవాళ్ళ జాబితా రాయండి. పేరు, కేసు నంబరు, ఏ జైలు, బెయిలు వచ్చిందా, వస్తే ఏ తేదీన, ఎందుకు ఆగింది. ఐదు గీతల నోట్‌బుక్ చాలు. ఆ జాబితాతో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. కోయ, కొండదొర, గోండు, సవర, ఏ భాషైనా సరే, వాయిదా రోజు పక్కన నిలబడి జడ్జి మాటను మన వాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పండి.

కొమురం భీం నిజాం సర్కారుతో జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడాడు. జమీను మీద హక్కు అడిగిన జాతికి, జామీను దగ్గర ఓడిపోవడం సరిపడదు. వచ్చే మీటింగుకు మీ ఊరి జాబితాతో రండి.

జై ఆదివాసీ!