చిన్నపిల్లల చేతికి కాస్త బంకమట్టి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవాల గుర్తుగా ఏమిద్దామని సంఘం మనందరినీ అడిగింది. కంప్యూటర్లు, ప్రొజెక్టరు అని చాలామంది చెప్పారు. అవీ కావలసినవే. నేను అడిగేది చాలా చిన్నది. మన చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలకు వారానికి ఒక డ్రాయింగ్ పీరియడు బంకమట్టితో జరగాలి.

నేను సివిల్ ఇంజనీరును. 30 ఏళ్లుగా నా పని మట్టితోనే. రోడ్డు కట్ట పోసేముందు మట్టికి ఒక పరీక్ష చేస్తాం. తడిమట్టిని గాజుపలక మీద దారంలా పేనుతాం. సరిగ్గా 3 మిల్లీమీటర్ల లావు దగ్గర అది పగిలి ముక్కలైతే, అప్పుడు అందులో ఉన్న నీటిశాతాన్ని ఆ మట్టికి హద్దుగా రాసుకుంటాం. అంతకన్నా ఆరితే మట్టి చేతికి లొంగదు. ఈ హద్దుల సంగతి 1911లో చెప్పినవాడు స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్. ఒకటో తరగతి పాప మట్టితో పాము చేసేటప్పుడు చేసేదీ ఇదే. పాము విరిగితే నీళ్లు తడుపుతుంది, చేతికి అంటుకుంటే పొడిమట్టి అద్దుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆ హద్దు దాని వేళ్లకు తెలిసిపోతుంది.

ఉద్దానం పెరళ్లలో ఉన్నది ఇసుక నేల. కొబ్బరికి, జీడిమామిడికి, పనసకు బాగుంటుంది గాని బొమ్మకు నిలవదు. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది, రేకులా పల్చనిది. నడుమ నీటిపొర ఉండబట్టే ఆ రేకులు ఒకదానిమీద ఒకటి జారుతూనే అంటిపెట్టుకుంటాయి. ఆ మట్టి కోసం టెక్కలి, పలాస వైపు చెరువులు ఎండే వేళ వెళ్లాలి. తెచ్చి, నానబెట్టి, రాళ్లూ గాజుపెంకులూ లేకుండా వడకట్టి, తడిగోనె కప్పి ఉంచాలి. ఎండిన బొమ్మలను మళ్లీ నానబెడితే అదే మట్టి తిరిగి వస్తుంది.

ఇక పిల్లలు చేయగల పనులు. నిమ్మకాయంత ఉండలో బొటనవేలు దించి, తిప్పుతూ అంచులు నొక్కితే గిన్నె. పాములు పేని ఒకదానిమీద ఒకటి చుడితే కుండ. రొట్టెలా ఒత్తి, జీడిమామిడి ఆకును ఈనెలవైపు అదిమి తీస్తే ఆకు అచ్చు. ఆ తర్వాత తాము చూసినవి చేయమనాలి: పండు కింద వేలాడే జీడిపిక్క, తేలినీలాపురం పెలికాన్ ముక్కు కింది సంచి, మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు.

అతుకు పెట్టేచోట పుల్లతో గీతలు గీసి చిక్కటి మట్టినీళ్లు రాయాలి. లేకుంటే ఆరాక పిక్క రాలిపోతుంది. వేలి లావు మించితే పైన ముందు ఆరి, లోపల తడి మిగిలి బొమ్మ పగులుతుంది. అందుకే నీడలో ఆరబెట్టాలి. ఒక్క నమూనా చూపి అందరిచేతా అదే చేయించవద్దు. మార్కులు అసలే వద్దు.

బట్టలు పాడవుతాయని, సిలబస్ వెనకబడుతుందని మాస్టార్లు అనవచ్చు. పాత గోనె పరిస్తే మొదటిది తీరుతుంది. రెండోదానికి, కళలను పదో తరగతి దాకా పాఠ్యాంశంగా ఉంచాలని జాతీయ విద్యా ప్రణాళిక చట్రం 2005లోనే చెప్పింది.

అసలు మాట ఇంకొకటి ఉంది. పలాస జీడిపప్పు పేరు నిలబడింది ఆడవాళ్ల వేళ్ల మీద. పప్పు విరగకుండా పొట్టు తీసేదీ, గుండ్లనూ బద్దలనూ ఏరేదీ ఆ వేళ్లే. ఆ తల్లుల పిల్లలే మన బడుల్లో చదువుతున్నారు. చేతిపనికి బడిలో విలువ కనబడకపోతే, అమ్మ పని తక్కువదని ఆ పిల్లలు అనుకుంటారు. అందుకే ఏడాదికి ఒకసారైనా కుండలు చేసే పెద్దాయనను పిలిచి, గురువుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఆయన కాల్చిన కుండపెంకునూ, పిల్లల పచ్చిబొమ్మనూ ఒకే నీళ్లతొట్టెలో వేయాలి. సుమారు 600 డిగ్రీల వేడి దాటిన మట్టి కరగదు, పచ్చిది కరుగుతుంది. పిల్లలు కళ్లారా చూసి నేర్చుకునే సైన్సు పాఠం అది.

ఒక్కో బ్యాచ్ ఒక్కో ప్రాథమిక పాఠశాలను తీసుకుందాం. మట్టి, తొట్టెలు, ఆరబెట్టే చెక్క అలమర మన బాధ్యత. ఆ పీరియడును లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చేయకుండా కాపాడటం మాస్టార్ల దయ. ఈ కోరికను సంఘం తీర్మానాల్లో చేర్చమని మనవి.