ప్రశ్నలు ఊళ్లోనే పుట్టాలి

వైద్యులూ భాషావేత్తలూ కలిసి జగిత్యాలలో కూర్చున్న ఈ సభకు నన్ను అధ్యక్షత వహించమన్నారు. కృతజ్ఞతలు. మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా గురించి మాట్లాడాలంటే మీరిద్దరూ కావాలి.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండుమూడు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా కనిపించింది. తెలుగూ దక్కనీ కలగలిసిన మన గడ్డ మీద దొరికిన ఫలితమిది. అయితే ఆ రోగులంతా పెద్దాసుపత్రి దాకా వెళ్లగలిగినవాళ్లు. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందనీ, పట్నాలకన్నా పల్లెల్లోనే ఎక్కువనీ 2023లో వచ్చిన జాతీయ అంచనా చెబుతోంది.

మరి కోరుట్లలో బీడీలు చుట్టే పెద్దమ్మను ఎట్లా పరీక్షిస్తాం? కాగితమిచ్చి బొమ్మ గీయమంటే, పెన్సిల్ ఎన్నడూ పట్టని చెయ్యి తడబడుతుంది. అదే చెయ్యి తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, 25 బీడీల కట్టను లెక్క తప్పకుండా పక్కన పెడుతుంది. ఆ లెక్క తప్పడం మొదలైతే పక్కన కూర్చున్న కోడలికే ముందు తెలుస్తుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో అమ్మ ఫోన్లో పది నిమిషాలు చక్కగానే మాట్లాడుతుంది. పొయ్యి మీద పాలు మరిచిపోవడం, ఇంటి తొవ్వ తప్పడం చూసేది కోడలే. రోగిని ఏళ్లుగా ఎరిగినవారు చెప్పనిదే ఈ జబ్బును సరిగా నిర్ధారించడం కష్టం. ఆ కోడలిని అడగని పరిశోధన మీద నాకు నమ్మకం లేదు.

సిరిసిల్ల సంగతి వేరు. మరమగ్గాల చప్పుడులో ఏళ్లకేళ్లు పనిచేస్తే చెవులు దెబ్బతింటాయి. వినికిడి తగ్గడం డిమెన్షియా ముప్పును పెంచుతుందని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లోనూ చెప్పింది. పైగా, ప్రశ్న వినబడక తప్పు జవాబు చెప్పిన నేతన్నకు మతి తప్పిందని రాసుకుంటే ఎంత అన్యాయం! ముందు చెవి చూడాలి. భివండీ, షోలాపూర్ పోయి మరాఠీ నేర్చుకొచ్చిన నేతన్నలున్న ఊరిది. భాషలకూ మతికీ ఉన్న సంబంధం తేల్చడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఇలాంటి పని వేరేచోట సాగుతూనే ఉంది. కర్ణాటకలో, తెలుగు బాగా వినిపించే శ్రీనివాసపుర పల్లెల్లో, బెంగళూరు ఐఐఎస్సీ మెదడు పరిశోధన కేంద్రం వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఈ జబ్బును గుర్తించడానికి తయారుచేయించిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి. 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇంకా ఆగడమెందుకు? ప్రశ్నలు రాసే నాడే బీడీ కార్మికులనూ నేతన్నలనూ పక్కన కూర్చోబెట్టుకుందాం. పోయిన పనికి కూలి కట్టిద్దాం. తేలినదేమిటో ముందు ఆ ఊరికే చెబుదాం. మొదట ఏ ఊరికి పోవాలో, ఎవరెవరు పోవాలో మధ్యాహ్నం చర్చలో తేల్చమని మిమ్మల్ని కోరుతున్నాను.